ఛాతీ దాటని చెయ్యి

పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తున్నవాళ్లు కాస్త ఓపిక పట్టండి, లేనివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా ఆయన బోర్డులు రాసే పెయింటరు. తొమ్మిది నెలల కిందట ఒక మందుల షాపు ముందు నిచ్చెన ఎక్కి పేరు రాస్తుంటే, సరుకు దింపడానికి వచ్చిన వ్యాను వెనక్కి వచ్చి నిచ్చెనని గుద్దింది. కిందపడ్డాడు. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. అంతవరకూ నిజం. నాలుగు నెలలకి ఎముక అతుక్కుంది, చెయ్యి ఎప్పటిలాగే పైకి లేచింది. అదీ నిజమే, కాకపోతే ఆ నిజాన్ని మేం ఇంట్లోనే దాచుకున్నాం. కుడి చెయ్యి ఇక ఈ జన్మలో ఛాతీ దాటి లేవదని చెప్పి, వ్యానుకి బీమా చేసిన కంపెనీ మీద కేసు వేశాం. సోమవారం విచారణ అనగా, శుక్రవారం పొద్దున్నే మా లాయరమ్మ ఫోన్ చేసి, "ఇద్దరూ పది గంటలకల్లా రండి, కాయితాలేం తేవద్దు" అని పెట్టేసింది.

కాయితాలు తేవద్దన్న లాయరుని నేను ఎక్కడా చూడలేదు. బస్సులో ఆ మాటే అంటే, మా ఆయన నవ్వాడు. వాళ్లు దిగొచ్చి ఉంటారు, కోర్టు దాకా ఎందుకని బేరానికి వచ్చి ఉంటారు, నీకన్నీ అనుమానాలే అన్నాడు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా కనిపించిన బోర్డులన్నిటికీ వంకలు పెట్టాడు. ఆ మనిషికి మిషను మీద అచ్చువేసిన బోర్డు కనబడితే చాలు, ఒళ్లు మండిపోతుంది. అవి వచ్చాకే ఆయనకి పని సగానికి సగం పడిపోయింది. కుడి చెయ్యి మాత్రం మడిచి పొట్టకి ఆనించుకునే ఉన్నాడు. గడప దాటగానే ఆ చెయ్యి దానంతటదే అక్కడికి చేరిపోతుంది. అలా నేర్పింది నేనే.

ఇంకెవరు నేర్పుతారు? నేను ఆస్పత్రిలో కసరత్తుల గదిలో ఆయాని. పన్నెండేళ్లుగా ఆ గదిలో భుజాలు పట్టేసినవాళ్లనీ, మోకాళ్లు వంగనివాళ్లనీ పట్టుకుని నడిపిస్తున్నాను. నొప్పి ఉన్నవాడు చెయ్యి ఎత్తేముందు ఊపిరి ఎలా బిగబడతాడో, ఎడమ చెయ్యి కుడి మోచేతి కిందకి ఎలా పోతుందో, ముఖం ఎప్పుడు ముడుచుకుంటుందో నాకు తెలిసినట్టు డాక్టర్లకి కూడా తెలియదు. తెలిసింది ఊరుకోక ఇంటికి తెచ్చాను. వంటింటి గోడ ముందు మా ఆయన్ని నిలబెట్టి, ముఖం ముందు ముడవాలి, ఆ తర్వాతే చెయ్యి ఆగాలి అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. రోజూ రాత్రి అన్నాలయ్యాక అరగంట. సిగ్గులేకుండా ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

లాయరమ్మ ఆఫీసు ఒక జెరాక్స్ షాపు మీద మేడగది. ఎటు చూసినా ఫైళ్లు, కూర్చోవాలంటే ముందు కుర్చీలో ఫైళ్లు ఎత్తి కింద పెట్టాలి. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు. మేం కూర్చోగానే పెన్సిలు తీసుకుని లేచింది.

"మేస్త్రీ, ఒకసారి చెయ్యి ఎత్తండి," అంది.

మా ఆయన నావైపు చూశాడు. లేచి బీరువా పక్కన నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాడు, కింది పెదవి కొరికాడు, ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకుని మెల్లగా ఎత్తి, ఛాతీ దగ్గర ఆపి మూలిగాడు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. వేళ్ల కొస ఎక్కడ ఆగిందో అక్కడ బీరువా చెక్క మీద లాయరమ్మ పెన్సిలుతో చుక్క పెట్టింది. కూర్చోమంది. ఎండకి వెలిసిపోకుండా ఉండాలంటే ఏ రంగు వాడతారు, అడ్డగీతలు ఎలా కొడతారు అని అడిగింది. పని గురించి అడిగితే మా ఆయనకి ప్రపంచం తెలియదు. సుద్దపొడి పట్టించిన దారాన్ని రెండు చివర్లా బిగించి మధ్యలో ఎలా లాగి వదలాలో ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. మధ్యలో ఆపి మళ్లీ చెయ్యి ఎత్తమంది. మళ్లీ చుక్క పెట్టింది. కింద షాపు నించి టీ తెప్పించింది, తాగడం అయ్యాక మూడోసారి ఎత్తమంది.

అప్పుడు నన్ను పిలిచింది. "చూడండమ్మా, ఎన్ని చుక్కలున్నాయి?"

వంగి చూశాను. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాను. ఒకటే చుక్క ఉంది, కాస్త లావుగా.

"మూడు పెట్టాను," అంది లాయరమ్మ.

నాకు వెంటనే అర్థం కాలేదు. మా ఆయనకి అసలే అర్థం కాలేదు. ఆయన కూడా వచ్చి ఆ చుక్కని చూశాడు. చూసి, ఏం చెప్పమంటారు, ఆ ముఖంలో ఒక్క క్షణం గర్వం కనిపించింది. ఇరవై ఆరేళ్లుగా ఒక్క అక్షరం గీత దాటించని చెయ్యి కదా మరి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

లాయరమ్మ కూర్చుని కంపెనీవాళ్ల డాక్టరు రాసిన రిపోర్టు తీసింది. ఎనిమిది పేజీలు. అందులో సంగతి మాకు అర్థమయ్యేలా చెప్పింది. మా ఆయన్ని ఆ డాక్టరు ఐదు నెలల్లో ఐదుసార్లు పరీక్ష చేశాడు. కొన్నిసార్లు పొద్దున్న, కొన్నిసార్లు సాయంత్రం, ఒకసారి ముందు చెప్పకుండా పిలిపించి. ఐదుసార్లూ చెయ్యి అరవై ఎనిమిది డిగ్రీల దగ్గరే ఆగింది. అరవై ఏడు లేదు, అరవై తొమ్మిది లేదు. నిజంగా దెబ్బతిన్న భుజం ఏదీ ఇంత ఖచ్చితంగా ఆగదని, చెయ్యి ఎక్కడ ఆపాలో ఈ మనిషి సాధన చేసి వచ్చాడని ఆ డాక్టరు రాశాడు.

నా ఒళ్లంతా చల్లబడిపోయింది. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు. పొద్దున బిగుసుకుపోయిన చెయ్యి సాయంత్రానికి కాస్త వదులవుతుంది. వానాకాలం ఒకలా ఉంటుంది, నిద్రపట్టని మర్నాడు ఇంకోలా ఉంటుంది, కోపం వస్తే మరో నాలుగు వేళ్లంత పైకి లేస్తుంది. పన్నెండేళ్లు రోజూ చూస్తూనే ఉన్నాను. అన్నీ నేర్పాను, ఈ ఒక్కటి నేర్పలేదు. మా ఆయన రెండో రోజే వంటింటి గోడ మీద దారం కొట్టి గీత గీసుకున్నాడు. వారం తిరక్కుండా కళ్లు మూసుకుని కూడా ఆ గీత దగ్గరే ఆపేవాడు. అబ్బ, ఏం చెయ్యి మీది అని మెచ్చుకున్న దద్దమ్మని నేనే.

మా ఆయన ఇంకా బుకాయించబోయాడు. తన శరీరం అంతేనని, తనకి మొదట్నుంచీ అన్నీ ఒక లెక్క ప్రకారమేనని నీళ్లు నమిలాడు. లాయరమ్మ వినిపించుకోలేదు. ఫైల్లోంచి ఇంకో కాయితం తీసి చదివింది. అది నేను ప్రమాణం చేసి సంతకం పెట్టినది. నా భర్తకి చొక్కా తొడిగేదీ, తల దువ్వేదీ, స్నానం చేయించేదీ నేనే అని ఉంది. పై అరలో గ్లాసు కూడా అందుకోలేరని ఉంది. ఆ ముందు ఆదివారమే ఆ మనిషి అటక మీంచి రెండు పరుపులు దించి ఎండలో వేశాడు. నా మాటలు ఇంకొకరి నోటి నించి వింటుంటే తల ఎత్తలేకపోయాను. చదవడం ఆపితే బాగుండునని మనసులో బతిమాలుకున్నాను. ఆవిడ నా సంతకం దాకా చదివింది.

"ఎముక విరగడం నిజం. నాలుగు నెలలు పని పోవడం నిజం," అంది. "దానికి రావాల్సింది మీకు తప్పకుండా వచ్చేది. ఇప్పుడు ఈ అబద్ధం బయటపడితే జడ్జిగారు ఆ నిజాన్ని కూడా కలిపి కొట్టేస్తారు. అవతలివాళ్ల ఖర్చు మీ నెత్తిన పడుతుంది. అంతటితో పోదు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినవాళ్లకి జైలు పడుతుంది. సంతకం పెట్టిన ప్రతివాళ్లకీ."

ప్రతివాళ్లకీ అన్నప్పుడు నావైపు చూసింది.

సంగతి తెలిశాక ఈ కాయితాలు పట్టుకుని తను కోర్టు మెట్లు ఎక్కలేనని కూడా చెప్పింది. రెండే దారులున్నాయట. సోమవారం లోపు మేమే వెళ్లి, చెయ్యి బాగానే ఉంది, తప్పు చెప్పాం అని రాసివ్వాలి. అప్పుడు జడ్జిగారు కనికరించొచ్చు, కనికరించకపోనూవచ్చు. లేదంటే మా ఫైలు మేం తీసుకుని ఇంకో లాయరుని చూసుకోవాలి. ఇంకొకరైతే కేకలు వేసేవారు. ఆవిడ అంత నెమ్మదిగా చెబుతుంటే నాకు ఇంకా చచ్చేంత సిగ్గేసింది.

ఆ తర్వాత రిపోర్టులో ఆఖరి పేజీ తిప్పింది. ఇంత పద్ధతిగా నటించడం మామూలు మనిషికి సాధ్యం కాదని, పరీక్షల సంగతి లోపల్నించి తెలిసినవాళ్లు ఎవరో నేర్పి ఉంటారని అందులో ఉంది. వైద్యం చేసిన కసరత్తుల డాక్టరు పాత్ర మీద విచారణ జరపాలని, తేలితే ఆమె ఈ వృత్తి చేయకుండా చూడాలని రాశారు.

కసరత్తుల డాక్టరు అంటే మా డాక్టరమ్మ. ముప్ఫై రెండేళ్ల పిల్ల. నా మీద ఐదేళ్లుగా అధికారం ఉన్నా నన్ను పేరు పెట్టి పిలిచి ఎరగదు, అక్కా అనే పిలుస్తుంది. మా ఆయన పడ్డప్పుడు మధ్యాహ్నం తను తినే టైములో ఆయన్ని రమ్మని, డబ్బా పక్కన పెట్టేసి మరీ భుజం చూసింది. మా అక్కవాళ్లాయన అని అందరికీ చెప్పుకుంది.

"ఎవరు నేర్పారు, మేస్త్రీ?" అని అడిగింది లాయరమ్మ.

మా ఆయన నావైపు చూడలేదు. "ఆ డాక్టరమ్మే," అన్నాడు.

నిజం చెప్పుకోవాలంటే, ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది కోపం కాదు. హాయి. నా పేరు రాలేదన్న హాయి. ఆ తర్వాతే ఆ పిల్ల పక్కన పెట్టేసిన అన్నం డబ్బా గుర్తొచ్చింది. లాయరమ్మ నన్ను అడిగింది, మీరు ఆ గదిలోనే పనిచేస్తారు కదా, ఇది నిజమేనా అని. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఔననలేదు, కాదనలేదు. ఆవిడ ఇంకోసారి అడిగి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్న నన్ను కాసేపు చూసి, ఏదో రాసుకుంది. పదకొండున్నరకి ఆ డాక్టరమ్మే ఇక్కడికి వస్తోందని, తనంతట తనే ఫోన్ చేసి వస్తానందని, అందాకా బయట కూర్చోమని చెప్పింది.

వరండాలో ఒక బెంచీ ఉంది. కింద జెరాక్స్ మిషను ఆగకుండా తిరుగుతోంది. కూర్చోగానే మా ఆయన మీద విరుచుకుపడ్డాను. అన్నం పెట్టిన చేతిని నరికినట్టుందని, ఆ పిల్ల మనకి ఏం అన్యాయం చేసిందని నిలదీశాను. ఆయన గొంతు తగ్గించి, నీ పేరు చెప్పమంటావా అన్నాడు. నేను వెళ్తే వెళ్లాను, ఇద్దరం జైలుకి పోతే తొమ్మిదో క్లాసు చదివే మన పిల్లని ఎవరు చూస్తారు అన్నాడు. డాక్టరమ్మకి చదువుంది, ఎక్కడైనా బతుకుతుంది అన్నాడు. పిల్ల పేరు ఎత్తితే నా నోరు మూతపడుతుందని ఆయనకి తెలుసు. అంతకంటే పాపిష్టి సంగతి ఏమిటంటే, ఆ సాకు నాకు కూడా కావలసి వచ్చింది.

ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. డాక్టరమ్మ, చేతిలో హెల్మెట్, జుట్టంతా నెత్తికి అంటుకుపోయి ఉంది. ఒక పూట సెలవు పెట్టి వచ్చిందట. మమ్మల్ని చూడగానే ముఖం విప్పారింది. వచ్చి నా పక్కనే ఇరుక్కుని కూర్చుంది. మా ఆయన్ని, నొప్పి ఎలా ఉంది, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడిగింది. ఆయన నేల చూపులు చూస్తూ తలాడించాడు. కంపెనీవాళ్లు మన గది గురించి ఏదేదో రాశారట, బెంబేలు పడకండి, నేను చూసుకుంటాను అంది. నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"నీ చేతులేంటక్కా ఇంత చల్లగా ఉన్నాయి? తిన్నావా పొద్దున్న?"

నేను తిన్నాననే చెప్పాను. అదీ అబద్ధమే. అప్పటికి నోరు తెరిస్తే అబద్ధం తప్ప మరొకటి రావడం లేదు నాకు.

లాయరమ్మ తలుపు తీసి పిలిచింది. డాక్టరమ్మ లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. ఆ తలుపు పలచనిది. మాటలు తెలియడం లేదు కానీ గొంతులు తెలుస్తున్నాయి. లాయరమ్మ గొంతు చాలాసేపు వినిపించింది. మా ఆయన అన్న మాట చెప్పినట్టుంది, డాక్టరమ్మ నవ్వింది. ఎవరో వేళాకోళం ఆడితే నవ్వినట్టు నవ్వింది. లాయరమ్మ మళ్లీ ఏదో అంది. ఈసారి నవ్వు వినిపించలేదు, ఏమీ వినిపించలేదు.

ఆ నిశ్శబ్దం నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. మా ఆయన చప్పున నా చెయ్యి పట్టుకుని, కూర్చోవే, నీకు దణ్ణం పెడతాను అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మనిషి కళ్లలో నీళ్లు నేను రెండోసారి చూడటం. జాలేసింది. అయినా చెయ్యి విడిపించుకుని తలుపు తోశాను.

డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ముఖంలో రక్తం లేదు. ఆ ముఖం చూస్తే చెప్పలేనని, గోడ వైపు చూస్తూ చెప్పాను.

"డాక్టరమ్మా, నేర్పింది నేనే. మీ గదిలో చూసిందంతా ఇంట్లో ఆయనకి నేర్పాను. ఆ చెయ్యి ఐదు నెలల కిందటే బాగైపోయింది. మీకేమీ తెలియదు."

లాయరమ్మ ఆశ్చర్యపోలేదు. ఇదే మాట కాయితం మీద పెడతారా అని అడిగింది. పెడతానన్నాను. పెడితే మీరు జైలుకి వెళ్లాల్సి రావచ్చు, తెలిసే అంటున్నారా అంది. తెలిసే అంటున్నానన్నాను. నెలల తర్వాత ఛాతీ మీంచి బండ దిగినట్టయింది. నేను పోతే పోయాను, ఈ పిల్ల బయటపడింది కదా అనుకున్నాను. నన్ను తిట్టాలి, చెంప మీద కొట్టాలి, అప్పుడు కాళ్ల మీద పడదామని డాక్టరమ్మ వైపు తిరిగాను.

ఆమె తిట్టలేదు. ఒళ్లో ఉన్న హెల్మెట్ పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"నిన్న చెప్పాల్సింది అక్కా," అంది చివరికి. "నిన్న సాయంత్రం కంపెనీ లాయరు ఆస్పత్రికి వచ్చి, రిపోర్టులో రాసింది చూపించి, నా మాట కాయితం మీద పెట్టమన్నాడు. నా గదిలో అలాంటి పని జరగదని, ఆ చెయ్యి లేవదని, ప్రతివారం నా చేతుల్తో పరీక్ష చేశానని ప్రమాణం చేసి సంతకం పెట్టాను."

లాయరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "చేశారా? ప్రతివారం?"

"మొదటి మూడు నెలలూ చేశాను. తర్వాత పని ఎక్కువైంది. రిజిస్టరులో అక్కే రాసేది, ఇవాళ కూడా ఛాతీ దాటలేదు డాక్టరమ్మా అనేది. అక్క చెప్పాక మళ్లీ చూడటమెందుకని నేను కింద సంతకం పెట్టేదాన్ని."

ఆ రిజిస్టరులో ప్రతివారం రాసింది నా చేతి రాతే.

"ఆ కాయితం ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది లాయరమ్మ.

డాక్టరమ్మ గోడ గడియారం చూసింది.

"పదింటికే కోర్టులో దాఖలు చేశామని వాళ్ల గుమాస్తా ఇందాకే ఫోన్ చేశాడు," అంది.